గాలి కూడా ఊ అంది

తేలిన 31వ ఏడాది, ఆగస్టు 2

ఉదయం తాళ్లు చూశాను. పన్నెండింటిలో పదకొండు బిగుతుగా ఉన్నాయి. ఒకటి వదులైతే బిగించాం. డిపో నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. నీళ్ల మీద కట్టుకున్న ఊళ్లో ఏ రోజైనా మొదట రాయాల్సిన మాట ఇదే.

రెండో మాట: రేపటి నుంచి మా డిపోలో ఎవరూ ఏదీ టైపు చెయ్యరు. మనిషి నోటితో చెబితే యంత్రం విని రాసుకుంటుంది. కీబోర్డులు రెండూ పాత సామాన్ల గదిలో పెట్టించాను.

మా పని చిన్నదే. చుట్టూ పద్దెనిమిది తేలే రేవులున్నాయి. ప్రతి రేవులోనూ సముద్రపు నీటిని తాగేనీరుగా మార్చే యంత్రం ఉంటుంది, అందులో వడగట్టే పొరలుంటాయి. నలభై రోజులకు పొర ఉప్పు పట్టి పాడవుతుంది. కొత్తవి కావాలని రేవువాళ్లు రేడియోలో అడుగుతారు. మేం ఎంట్రీ చేస్తే సరుకు అర తాళం తెరుచుకుంటుంది, పొరలు పడవెక్కుతాయి. ఏ రేవుకి, ఎన్ని పొరలు, ఏ పడవలో. ఉన్నవి మూడు మాటలే. ఆ మూడు మాటలు ఎలా ఎక్కించాలో తేల్చడానికి కమిటీకి ఏడు నెలలు పట్టింది.

నాలుగు పద్ధతులు పరీక్షించారు. చేత్తో రాసిన కార్డులు యంత్రానికి చూపించారు, కార్డులు తడిశాయి. పెట్టెలకు గీతల చీటీలు అంటించి చదివించారు, ఉప్పుగాలికి చీటీలు ఊడిపోయాయి. కీబోర్డు పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు, కానీ నివేదికలో దాని ఎదురుగా ‘కొత్తదనం లేదు’ అని రాశారు. నోటిమాటకు నూటికి తొంభై తొమ్మిది మార్కులు వచ్చాయి. ఆ చివరి పరీక్ష మా మేనేజరు వేమకోటి సుదర్శనం గారి అద్దాల గదిలో, తలుపులు వేసి, ఫ్యాను ఆపి, సుదర్శనం గారే మాట్లాడగా జరిగింది. ఆయన ఈ ఉద్యోగానికి ముందు రేడియోలో వార్తలు చదివేవారు. ఆయన ‘నమస్కారం’ అంటే లేచి నిలబడాలనిపిస్తుంది.

యంత్రం పేరు సుశ్రావ్య.

షిఫ్టు ఇన్‌చార్జి గరికిన నూకరత్నం, అంటే నేను, పై విషయాలన్నీ విన్నానని సంతకం పెట్టాను.

ఆగస్టు 3

తాళ్లు బాగున్నాయి.

సరుకు ఎక్కించే హాల్లో మైకు పెట్టారు. హాలుకి మూడు వైపులా గోడల్లేవు, పడవలు రావాలి కదా. మొదట మాట్లాడే గౌరవం సూరాడ పోలయ్యకు దక్కింది. పాతికేళ్లుగా డిపో పడవల్లో ఒకటి నడుపుతున్నాడు. తలకి తువ్వాలు సర్దుకుని మైకు ముందు నిలబడ్డాడు.

“సింతలరేవుకి పన్నెండు పొరలెట్టు. నా పడవలోనే.”

“క్షమించండి,” అంది సుశ్రావ్య. “సింతలరేవు అనే రేవు లేదు.”

“నేకపోవడమేటి? నిన్ననే ఎల్లి వచ్చినాను గదా!”

“క్షమించండి. నేకపోవడమేటి అనే రేవు లేదు.”

“ఓలమ్మ!”

“ఓలమ్మ. కొత్త ఖాతా తెరిచాను. ఎన్ని పొరలు?”

“పన్నెండు, పన్నెండు అని సెప్తన్నాను గదా!”

“ఓలమ్మకు పన్నెండు పొరలు. ఖాయం చేయనా?”

పోలయ్య నా వైపు తిరిగాడు. “ఊఁ... ఏటంటాదే ఇది?”

ఖాయమైపోయింది. యంత్రం అమ్మినవాళ్లు ఈ సంగతి ముందే గొప్పగా చెప్పారు. మన జనం అవును అనరు, ఊ అంటారు, అందుకని ఊ అన్నా ఒప్పుకునేలా నేర్పామన్నారు. అది నిజమేనని తేలింది.

ఒకసారి ఖాయమైనదాన్ని రద్దు చేసే అధికారం సుదర్శనం గారి గొంతుకి మాత్రమే ఉంది. ఆయన కిందికి దిగి వచ్చి, “ఓలమ్మ, రద్దు. చింతలరేవు, పన్నెండు,” అన్నారు. సుశ్రావ్య ఆయనకు ధన్యవాదాలు చెప్పింది. ఆ గొంతులో కాస్త ప్రేమ కూడా వినిపించిందని పోలయ్య అన్నాడు. నాకైతే వినిపించలేదు.

ఆగస్టు 9

ఈ రోజు సంగతి రాయాలని లేదు.

చోడిపల్లి అసిరమ్మ పదిహేనేళ్లుగా మా ఎంట్రీ గుమస్తా. ఆమెకు నత్తి. కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం ఆమె వేళ్లకి తడబాటు లేదు. పదిహేనేళ్లలో ఏడు తప్పులు చేసింది. ఆ ఏడూ ఏ రోజు, ఏ రేవు విషయంలో జరిగాయో అడిగితే చెబుతుంది, ఓపిగ్గా వింటే.

సుశ్రావ్య మూడు సెకన్లు వింటుంది. ఆ పైన మాట ముగిసిందనుకుంటుంది. అసిరమ్మ మైకు ముందు నిలబడి, “ది... దిబ్బ... దిబ్బలరేవు...” అనేలోపు ఒక ఎంట్రీ మూసుకుని ఇంకొకటి తెరుచుకుంది. దిబ్బలరేవు పేరుతో మూడు ఆర్డర్లు పడ్డాయి. అసిరమ్మ ముఖం ఎర్రబడింది. వరసలో వెనక నిలబడ్డవాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తలలు దించుకున్నారు.

సాయంత్రానికి కాగితం వచ్చింది. అసిరమ్మను పాత పొరలు కడిగే షెడ్డుకి మార్చాలి, కారణం: ‘ఉచ్చారణ అనుకూలం కాదు.’ దాని కింద షిఫ్టు ఇన్‌చార్జి సంతకం కావాలి. నేను వద్దనలేదు, వాయిదా వెయ్యమని కూడా అడగలేదు. పెట్టాను.

ఆగస్టు 28

తాళ్లలో మూడోది మార్చాలి.

అందరికీ ఉచ్చారణ తరగతులు పెట్టారు. యంత్రానికి మా మాట నేర్పాలంటే ఏడాది పడుతుందట, మాకు యంత్రం మాట నేర్పడానికి రెండు వారాలు చాలట. పొద్దున్నే అందరం వరసగా నిలబడి ‘చాప, చేప, చెప్పు, చొప్ప’ అంటున్నాం. పోలయ్య బాగా కష్టపడుతున్నాడు. ఇప్పుడు వాళ్లింట్లో కూడా అతను ‘చేప’ అంటుంటే భార్య నవ్వుతోందట, వండటం మానేస్తానని బెదిరించిందట.

ఇంత చేసినా యంత్రానికి సరిగ్గా అర్థమయ్యే గొంతు ఒక్కటే. కాబట్టి అందరూ ఓ సులువు కనిపెట్టారు. రేవు నుంచి రేడియోలో ఆర్డరు రాగానే మేనేజరు గారి గదికి వెళ్లి చెబుతారు, ఆయన హాలుకి దిగి మైకులో చెబుతారు. మొదట్లో గంటకొకసారి దిగేవారు. ఈ వారం నుంచి ఆయన కుర్చీనే హాల్లో మైకు పక్కన వేశాం. గుమస్తాల శ్రమ తగ్గించడానికి తెచ్చిన యంత్రం, నిజంగానే తగ్గించింది. డిపోలో ఇప్పుడు గుమస్తా ఒక్కరే. మేనేజరు గారు.

ఓలమ్మ మా ఖాతాదారుల్లో నాలుగో స్థానానికి చేరింది. హాల్లో ఎవరు విసుక్కున్నా ఆమె పేరు మీద ఆర్డరు పడుతుంది. సాయంత్రం సుదర్శనం గారు అవన్నీ రద్దు చేసేదాకా ఇంటికి వెళ్లడానికి లేదు. ఆర్డర్లు మాత్రమే లెక్కపెట్టే హెడ్డాఫీసు, ఓలమ్మకు మెచ్చుకోలు పత్రం పంపించింది. ఎక్కడికి పంపాలో తెలీక నా సొరుగులో పెట్టాను.

సెప్టెంబరు 19

సుదర్శనం గారి గొంతు బొంగురుపోయింది. రోజుకి ఆరేడు వందల ఎంట్రీలు చెబుతున్నారు. మిరియాల కషాయం ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నారు. ‘ఇరవై’ అన్నా ‘అరవై’ అన్నా మొదటి అక్షరం గొంతులోనే ఉండిపోతోంది. సుశ్రావ్య రెండుసార్లు అడుగుతోంది.

“ఓ వారం సెలవు పెట్టండి,” అన్నాను.

“నేను సెలవు పెడితే ఎవరు మాట్లాడతారు, నూకరత్నం గారూ?” అన్నారాయన. ఆ ప్రశ్నకి జవాబు కడిగే షెడ్డులో ఉంది. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ వైపు చూడలేదు.

అక్టోబరు 6

ఇది సాయంత్రం కూర్చుని రాస్తున్నాను. తాళ్లు పన్నెండూ మళ్లీ బిగించాం.

తుఫాను సాయంత్రం తాకుతుందని పొద్దున ఏడింటికి కబురు. నాలుగయ్యాక పడవ కదలకూడదు. తుఫాను ఎన్నాళ్లుంటుందో తెలీదు కాబట్టి పద్దెనిమిది రేవులూ ఒకేసారి పొరలు అడగడం మొదలుపెట్టాయి.

ఎనిమిదింటికి దిబ్బలరేవు నుంచి మైలపల్లి కొర్లమ్మ రేడియోలో పిలిచింది. “అరవై కావాలి. రెండు మిషన్లలోనూ పొరలు పోనాయి. మూడొందల నలభై మందిమి ఉన్నాం. ఇద్దరు బాలింతలు. నిన్నటి నుంచి ఉప్పునీళ్లే కాసుకుని తాగతన్నాం. బేగి పంపండి.”

సుదర్శనం గారు మైకు దగ్గరికి వంగి, ఉన్న గొంతంతా కూడదీసుకుని, “దిబ్బలరేవు, అరవై,” అన్నారు.

“దిబ్బలరేవు, ఇరవై. ఖాయం చేయనా?”

ఆయన ‘కాదు’ అనడానికి నోరు తెరిచారు. ఆయనకన్నా ముందు, తెరిచి ఉన్న మూడు వైపుల నుంచీ గాలి హాల్లోకి దూరి పెద్దగా అంది: ఊఊ...

“ధన్యవాదాలు,” అంది సుశ్రావ్య.

“ఓలమ్మో!” అన్నాడు పోలయ్య. పాపం, పొరపాటున.

“ఓలమ్మకు గత ఆర్డరు మళ్లీ పంపమంటారా?”

ఊఊ...

“ఇంకా కావాలా?”

ఊఊఊ...

మనిషి ఎవరైనా కాసేపటికి అలిసిపోతాడు. గాలి అలిసిపోలేదు. పది నిమిషాల్లో డిపోలో మిగిలిన నాలుగు వందల పన్నెండు పొరలూ ఓలమ్మ పేరు మీద ఖాయమయ్యాయి. ఓలమ్మ మొదటి వంతుకి ఒక అర తెరుచుకుంది, మిగతావన్నీ ‘కేటాయించబడినవి’ అని ఇంకెవరికీ తెరుచుకోకుండా తాళం వేసుకున్నాయి. సరుకు కళ్ల ముందే ఉంది, పుస్తకంలో లేదు. పోలయ్య తన పడవలోకి వచ్చి పడుతున్న పెట్టెలు చూసి, “ఓలమ్మ రేవు ఏ పక్కనుందే నూకరత్నమ్మా?” అని అరిచాడు. అతను నిజంగానే అడుగుతున్నాడు, దారి చెబితే వెళ్లేవాడు.

సుదర్శనం గారు మైకు పట్టుకుని “రద్దు” అన్నారు. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. మళ్లీ అన్నారు.

“క్షమించండి. మీ గొంతు నాకు తెలియదు,” అంది సుశ్రావ్య. “దయచేసి సుదర్శనం గారిని పిలవండి.”

నాకు నవ్వు రాబోయింది. ఆయన ముఖం చూశాక రాలేదు. తన ఇంటి తలుపు తనకే తెరవని మనిషిలా నిలబడిపోయారు.

నేను పాత సామాన్ల గదికి పరిగెత్తి ఒక కీబోర్డు పట్టుకుని, అటు నుంచి అటే కడిగే షెడ్డుకి వెళ్లాను. అసిరమ్మ మోచేతుల దాకా మందు నీళ్లలో ఉంది. నా చేతిలో ఉన్నదాన్ని చూసింది.

“పి... పిలిచింది ఎవరు? మే... మేనేజరా?”

“నేనే. ఆయన గొంతు పోయింది.”

ఆమె చేతులు చీరకి తుడుచుకుంది. వేళ్లు నాని ముడతలు పడి, చర్మం లేచిపోయి ఉంది. “నా... నాది పోయి రె... రెండు నెల్లయినాది,” అంది. అని లేచింది.

నియమాల ప్రకారం మైకు తీసెయ్యాలంటే మైకులో అడిగి అనుమతి తీసుకోవాలి. నేను తీగ పీకేశాను. ఎవరైనా అడిగితే కాదనను, అందుకే రాస్తున్నాను.

అసిరమ్మ కూర్చుంది. పాత సంకేత పదం ఆమెకు ఇంకా గుర్తుంది. ఓలమ్మ ఖాతా తెరిచి, కాసేపు చూసి, మొత్తం కొట్టేసింది. అరలన్నీ ఒక్కసారే తాళాలు తెరుచుకున్న చప్పుడుకి హాల్లో అందరం ఉలిక్కిపడ్డాం. మొదటి ఎంట్రీ దిబ్బలరేవుకి, ఇరవైని దిద్దడం. ఆమె తెర మీద 60 చూపించింది, నేను రేడియోలో కొర్లమ్మకి చదివి వినిపించాను, కొర్లమ్మ ‘అరవై, అరవై’ అని రెండుసార్లు అంది. పోలయ్య పడవ విప్పాడు.

ఆ తరవాత నేను రేవుల మాట విని గట్టిగా చెప్పడం, ఆమె కొట్టడం, వేళ్లతో అంకె చూపించడం. గాలికి నా మాట వినిపించనప్పుడు ఆమె తలెత్తి నా పెదాలు చూసేది. మధ్యలో వేళ్ల నుంచి రక్తం వచ్చి రెండు మీటలు ఎర్రబడ్డాయి. సుదర్శనం గారు తన జేబురుమాలు చింపి ఆమె వేళ్లకి చుట్టారు. చుట్టి, పెట్టెలు మోయడానికి వెళ్లారు. ఆయన పెట్టె మోయడం అదే మొదటిసారి, తలకిందులుగా పట్టుకున్నారు.

మూడుంపావుకి ఆఖరి పడవ వెళ్లింది. పద్దెనిమిదీ వెళ్లాయి. తప్పు ఒక్కటి: పూడిరేవుకి ఇరవై బదులు ఇరవై ఒకటి. అసిరమ్మ దాన్ని ఎనిమిదో తప్పుగా రాసుకోమంది. రాశాను.

అక్టోబరు 8

తుఫాను తగ్గలేదు. తాళ్లు రెండు తెగాయి, పది పట్టుకున్నాయి. అందరం పైగదిలో కూర్చున్నాం.

మధ్యాహ్నం అసిరమ్మ పక్కన కూర్చుని, “ఆ కాగితం మీద సంతకం నాది,” అన్నాను.

“తె... తెలుసు.”

“వద్దనాల్సింది.”

ఆమె పెదవి కదిపి ఆగింది. మాట కోసం తడుముకుంటోందేమో అనుకున్నాను. కాదు, ఆలోచిస్తోంది. “అ... అనాల్సిందే,” అంది చివరికి. నన్ను మన్నించానని అనలేదు. జరిగి, నాకు దుప్పటిలో సగం ఇచ్చింది.

అక్టోబరు 11

దిబ్బలరేవులో అందరూ క్షేమం. బాలింతలిద్దరూ, పిల్లలూ బాగున్నారు. కొర్లమ్మ రేడియోలో అసిరమ్మను పిలవమంది. కొర్లమ్మ ఏడుపు తప్ప మాట రాలేదు, అసిరమ్మ అదే వింది. రెండు నిమిషాలు రేడియో ఊరికే తెరిచి ఉంది.

హెడ్డాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. ఆరో తేదీ ఉదయం సుశ్రావ్య పది నిమిషాల్లో నాలుగు వందల పన్నెండు పొరలు ఖాయం చేసిందనీ, ఇది సంస్థ చరిత్రలోనే రికార్డనీ, ఫిర్యాదులు సున్నా అనీ రాశారు. ఆ రోజు అందరికన్నా ఎక్కువ ఎంట్రీలు చేసిన ఉద్యోగి పేరు మాత్రం యంత్రం నమోదు చేసుకోలేదనీ, వివరాలు పంపితే బహుమతి ఇస్తామనీ అన్నారు. సుదర్శనం గారికి పదోన్నతి. ఇకపై ఆరు డిపోల్లో నోటి ఎంట్రీ ఆయనే పెట్టించాలి.

డాక్టరు ఆయన్ని రెండు నెలలు నోరు విప్పొద్దన్నాడు. ఆయన ఆ ఉత్తరం చదివి, కాగితం తీసుకుని మూడు గంటలు రాశారు. రాసింది నాకు చూపించారు. అందులో ఒక వాక్యం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: ‘పరీక్ష నా గదిలో, నా గొంతుతో చేశాను. ఆ పని చేసేవాళ్లలో ఒక్కరినీ పిలవలేదు. ఆ రోజు ఆర్డర్లిచ్చింది గాలి.’

“పంపిస్తే పదోన్నతి పోతుందండీ,” అన్నాను.

ఆయన కాగితం మూలన చిన్నగా రాశారు: ‘ఊ.’

అక్టోబరు 16

హెడ్డాఫీసు నుంచి ఇద్దరు డైరెక్టర్లు వచ్చారు. సుశ్రావ్య మీద ఇప్పటికే చాలా పెట్టుబడి పెట్టారు కాబట్టి దాన్ని తీసెయ్యలేమన్నారు. అయితే అసిరమ్మ సేవలు గుర్తించి ఆమెకు కొత్త పదవి ఇస్తామన్నారు: ‘సుశ్రావ్య శబ్ద సహాయకురాలు’. పని, కీబోర్డు మీద ఎంట్రీ చెయ్యడం. కాగితాల్లో మాత్రం ఆమె యంత్రంలో ఒక భాగం.

“మీరేమంటారు?” అని అడిగారు.

అసిరమ్మ లేచింది. మొదటి మాట దగ్గరే ఆగింది. పెద్ద డైరెక్టరు సాయం చేద్దామని, “ఒప్పుకుంటున్నారు, అంతేగా?” అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టింది. ఆయన మళ్లీ ఏదో అందించబోయాడు. సుదర్శనం గారు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. గట్టిగానే వేసినట్టున్నారు, ఆయన ఊరుకున్నాడు.

ఆమె పదకొండు నిమిషాలు మాట్లాడింది. నత్తి తీసేసి రాస్తే ఇంత: “నా పని ఎంట్రీ. కాయితంలో ఎంట్రీ అనే రాయండి. కడిగే షెడ్డులో నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు. సవర సోమయ్య మాట మీ మిషను తెలుగు కాదంది. బడే లచ్చమ్మకి చెవులు వినపడవు, మిషను ఏటడిగిందో ఆవిడికి తెలీదు. ఇద్దరూ చదువుకున్నోళ్లే, ఇద్దరి వేళ్లూ మంచివే. ముగ్గురం కలిసి వస్తాం, నేకపోతే నాను రాను. మిషను పారెయ్యొద్దు. పడవోళ్లకి రెండు చేతులూ చుక్కాని మీదే ఉంటాయి, ఆళ్లు ఎలా టైపు సేస్తారు? దాన్ని పడవల్లో పెట్టండి. సేరినాను, సేరలేదు, ఈ రెండు మాటలు మా యాసలో నేర్పండి. ఊ అంటే మాత్రం ఒప్పుకోకూడదు.”

చిన్న డైరెక్టరు తన ముందున్న కమిటీ నివేదిక తిరగేశాడు. అందులో ఇదెక్కడా లేదన్నాడు.

“లే... లేదండీ,” అంది అసిరమ్మ. “న... నన్ను అడగలేదు గదా.”

అక్టోబరు 30

తాళ్లు పన్నెండూ కొత్తవి.

ఎంట్రీ గదిలో మూడు కీబోర్డులు. సోమయ్య నెమ్మది, లచ్చమ్మ అసిరమ్మకన్నా వేగం. కొత్త పదవి పేరు కాగితాల్లోంచి తీసేశారు. సుశ్రావ్య పోలయ్య పడవలో ఉంది. ‘సేరినాను’ అనే మాట దానికి మూడు రోజుల్లో వచ్చేసింది, ఏడాది పట్టలేదు. దారిపొడుగునా పోలయ్య దాంతో మాట్లాడుతూనే ఉంటున్నాడట. ఒకే మాట అర్థమయ్యేవాళ్లతో కబుర్లు చెప్పడం హాయిగా ఉంటుందంటున్నాడు.

సుదర్శనం గారి పదోన్నతి రద్దయింది. ఆయన మేనేజరుగానే మా దగ్గర ఉన్నారు. ఇంకా నోరు విప్పకూడదు. పొద్దున పదింటికి ఎంట్రీ గదికి వచ్చి, అసిరమ్మ పక్కన ఖాళీ కుర్చీ చూపించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేర్పమని అడగడం అది. అసిరమ్మ కుర్చీ జరిపింది.

చింతలరేవుకి పన్నెండు పొరలు. ఆయన చూపుడువేలు మీటల మీద తిరుగుతోంది. ‘చి’ దొరికింది. సున్నా కోసం పై వరసంతా వెతికారు, కింది వరసంతా వెతికారు. చెమట పట్టింది. అసిరమ్మ చూపించలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనక పోలయ్య పడవ తాడు పట్టుకుని నిలబడ్డాడు, పోటు దాటిపోతోందని కాలు మార్చి కాలు వేస్తున్నాడు. ఆఖరికి ఉండబట్టలేక, “బేగి కానియ్యమ్మా, నువ్వే కొట్టీ,” అన్నాడు.

అసిరమ్మ వెనక్కి తిరిగింది.

“ఆ... ఆగు. ఆ... ఆయన్ని సె... సెప్పనీ.”